సునీతకు నెల గడువు

గురువారం, రాత్రి

ప్రార్థనలో చెప్పుకోలేకపోయాను కాబట్టి రాస్తున్నాను. మా ఆయన గనిలోకి వెళ్లేముందు తల వంచితే, పెళ్లయిన నాటి నుంచి నేనే ప్రార్థన చేసి పంపేదాన్ని. ఈమధ్య అత్తమ్మ, "పక్క పోర్షన్ల సునీతను పిలువు. ఆ పిల్ల ప్రార్థన చేస్తే పానం నిమ్మలమైతది" అంటోంది. ఆయనా కాదనరు. నాకు కడుపు మండుతుంది.

ఇవాళ మా పక్క పోర్షన్‌లో అద్దెకున్న సునీతకు నెల గడువిచ్చి ఇల్లు ఖాళీ చేయమన్నాను.

"మాతోని ఏమన్న తప్పయిందా అక్కా?"

"ఏం లేదు బిడ్డా. ఇల్లు మాకే కావాలె."

"సరే అక్కా. ఏడున్నా బావ కోసం ప్రార్థన చేస్త."

నైట్ షిఫ్టుకు ఆయన నా ముందే తల వంచారు. చెయ్యి పెట్టాను. ప్రార్థన రాలేదు. ఆయనే ఆమెన్ అనుకొని వెళ్లిపోయారు.

ప్రభువా, ఈ పేజీ నీ దగ్గరే దాచు. ఆయనకు చూపించకు.