చిన్న చుక్కలు

జనవరి 9

ప్రియమైన వదినగారికి,

‘ప్రియమైన’ అన్నది అలవాటుకొద్దీ రాశాను, పట్టించుకోకండి. మీరు ఫోన్ ఎత్తరు. రిజిస్టరు పోస్టయితే సంతకం పెట్టి తీసుకోక తప్పదు కదా, అందుకే ఈ కాగితం.

మన పరిశోధన పేపరును మీరు సైన్సు పత్రిక నుంచి వెనక్కి తీసుకున్నారని నాకెలా తెలిసిందో చెప్పనా? నేనిప్పుడు పనిచేస్తున్న రొట్టెల ఈస్ట్ ఫ్యాక్టరీలో పక్క బల్ల ఆవిడ చదివి వినిపించింది. ‘మొదటి రచయిత్రి చూపిన ఫలితాలు మళ్లీ రాలేదు’ అట. ఆ మొదటి రచయిత్రిని నేనే. చదివాక ఆవిడ నా మొహంలోకి చూడలేక టీ తాగడానికి వెళ్లిపోయింది.

నాలుగేళ్లు మీ ల్యాబులో, మీ కళ్లెదుట చేసిన పని అది. మీకు మరపు ఎక్కువైనట్టుంది, గుర్తు చేస్తాను. ఈస్ట్ కణం తన ప్రోటీన్లను తయారుచేసే యంత్రాలను, అదే రైబోజోములను, కట్టుకోవడానికి రెండు వందలకు పైగా సహాయక ప్రోటీన్లు పనిచేస్తాయి. అందులో ఒకదాన్ని మనం ‘మేస్త్రి’ అనేవాళ్లం, కట్టడం కాగానే తన దారిన తాను వెళ్లిపోతుంది కాబట్టి. ఆ మేస్త్రి జన్యువును నేను తీసేశాను. తీసేస్తే రైబోజోములోని పెద్ద ముక్క సగంలో ఆగిపోయి, కేంద్రకం లోపలి కేంద్రకాంశంలోనే ఇరుక్కుంటుందని చూపించాను. ఆ ముక్కకు పచ్చటి వెలుగిచ్చే గుర్తు తగిలించి ఫొటోలు తీశాను. ఆ కణాలు ఈడ్చుకుంటూ పెరుగుతాయని కూడా చూపించాను. ఆ రోజు నా భుజం తట్టింది మీరే.

నా ఈస్ట్ నాకు పంపండి. మీ ఫ్రీజరులో రెండో అరలో, ట్యూబులో ఉంది. అది మీ పుట్టింటి సొత్తు కాదు.

ఇట్లు,
మీ ఆయన చెల్లెలు

జనవరి 21

చిరంజీవి ఆడపడుచుకు,

నాకు మరపు లేదు. అక్టోబరులో నీకు మూడు మెయిళ్లు పెట్టాను. మూడూ నువ్వు తెరవలేదు. అడగకుండా తీసేశారని ఊరంతా చెప్పుకుంటున్నావట, అది మానెయ్.

నీ ప్రయోగాన్ని ల్యాబులో ముగ్గురు చేశారు. ముందు నేనే చేశాను. మేస్త్రి లేని నీ ఈస్ట్ మాకు దివ్యంగా పెరిగింది. పచ్చటి వెలుగు ఎక్కడా ఇరుక్కోలేదు, కణమంతా సమంగా పరుచుకుని ఉంది. మామూలు ఈస్టుకీ దానికీ తేడా లేదు. అప్పుడు నీ బొమ్మలు మళ్లీ తీసి చూశాను. మూడుసార్లు విడివిడిగా పెంచి తీసిన మూడు బొమ్మలు అన్నావు. ఆ మూడోది రెండోదానికి కవల పిల్లలా ఉంది. పళ్ల డాక్టరుకి ఏం తెలుస్తుందని కాదుగానీ, మీ అన్నయ్యకి చూపించాను. “నాకు రెండూ బఠాణీల్లాగే ఉన్నాయి, మీ ఇద్దరి మధ్యకీ నన్ను లాగకు” అని లేచిపోయాడు.

‘బొమ్మలు కల్పించింది’ అని పత్రికకు రాయకుండా ఊరుకున్నది ఆయన మొహం చూసే. అది గుర్తుంచుకో.

నీ ఈస్టును వడపోత కాగితం మీద ఆరబెట్టి, రేకులో చుట్టి ఇందులో పెట్టాను. కళ్లారా చూసుకో. చూశాక నాకు రాయనక్కర్లేదు.

ఇట్లు,
నీ వదిన

ఫిబ్రవరి 27

ప్రియమైన వదినగారికి,

రాయనక్కర్లేదన్నారు కాబట్టే రాస్తున్నాను.

మీ కాగితం ముక్కను ఈస్ట్ పెంచే ప్లేటు మీద పెట్టాను. మూడో రోజుకే బొద్దుగా, తెల్లగా పెద్ద పెద్ద చుక్కలు తేలాయి. మీరు ట్యూబు మార్చేశారనుకుని నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను. కానీ పరీక్ష చేస్తే అది నా ఈస్టే. మేస్త్రి జన్యువు అందులో లేదు. మరి ఎలా పెరిగింది?

మా సూపర్‌వైజరు రోజూ వచ్చి, “మన ఈస్ట్ పొంగితే చాలమ్మా, నీది ఎందుకు పొంగకూడదో నాకు అర్థం కాదు” అంటాడు. ఆయన్ని బతిమాలి ఆ ప్లేటు పారెయ్యకుండా ఆరో రోజుదాకా ఉంచాను. అప్పుడు కనిపించాయి, పెద్ద చుక్కల సందుల్లో సూదిమొనంత చిన్న చుక్కలు.

చిన్నదాన్ని తీసి కొత్త ప్లేటు మీద పూశాను. దాదాపు అన్నీ చిన్నవే వచ్చాయి, ఐదారు మాత్రం పెద్దవి. పెద్దదాన్ని తీసి పూస్తే అన్నీ పెద్దవే. నాలుగుసార్లు చేశాను, నాలుగుసార్లూ ఇంతే.

నాకు తోచింది ఇది. మేస్త్రి లేక ఈడ్చుకుంటున్న లక్షల కణాల్లో ఎక్కడో ఒకదానికి ఇంకో జన్యువు చెడింది. ఆ రెండో లోపం అదృష్టం కొద్దీ మొదటి లోపాన్ని కప్పేసింది. ఇక ఆ కణం పరుగందుకుంది. దాని సంతానం ట్యూబంతా నిండిపోయింది. మీ ల్యాబులో ముగ్గురూ ప్లేటు మీంచి ఏ చుక్క తీశారు? చేతికందే పెద్దదే కదా?

నా దగ్గర పచ్చటి వెలుగు చూసే మైక్రోస్కోపు లేదు. మీ దగ్గర ఉంది. చిన్నవాటిని చూడండి. దమ్ముంటే మీ నోటుపుస్తకం కూడా తిరగెయ్యండి.

ఇట్లు,
మీరు దొంగ అన్న మనిషి

జూన్ 14

చిరంజీవి ఆడపడుచుకు,

మూడున్నర నెలలు జవాబివ్వలేదు. ఆలస్యానికి సంజాయిషీ చెప్పను, జరిగింది చెప్తాను.

చిన్న చుక్కలను నేనే మైక్రోస్కోపు కింద పెట్టాను. పచ్చటి వెలుగు కేంద్రకాంశంలోనే గడ్డకట్టినట్టు ఉంది. నువ్వు చెప్పింది చెప్పినట్టే. పెద్దవాటిలో చెడిన రెండో జన్యువు ఏదో కూడా పట్టుకున్నాం. మేస్త్రి లేకపోతే పని ఆగుతుంది, అందులో అనుమానం లేదు.

నోటుపుస్తకం తిరగేశాను. నీ ప్రయోగం మొదటిసారి చేసిన రోజు పేజీలో నా చేతిరాత ఉంది. ‘అక్కడక్కడా చిన్న చుక్కలు. మురికి కావచ్చు. పారేశాను.’ మురికి కావచ్చని రాసినప్పుడే, కాకపోవచ్చని కూడా తోచింది. అంతకు ముందు వారమే నువ్వు మీటింగులో అందరి ముందూ, “మా వదిన మైక్రోస్కోపు ముట్టుకుని పదేళ్లయింది” అన్నావు. అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది. నీది తప్పని తేలితే బావుండునని చూశాను. అందుకే తేలింది.

పేపరును తిరిగి నిలబెట్టమని పత్రికకు ఉత్తరం తయారుచేశాను. తప్పు నాదని రాశాను. మూడో బొమ్మ గురించి నిన్ను అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. కింద నీ సంతకానికి ఖాళీ ఉంచాను. నీ మీద ప్రేమ పుట్టుకొచ్చి రాశాననుకోకు, నీ మొహం ఇప్పుడప్పుడే చూడాలని నాకు లేదు. నిజం కాబట్టి రాశాను.

“అయితే ఇద్దరూ ఇక మాట్లాడుకుంటారన్నమాట” అన్నాడు మీ అన్నయ్య. నేను అంత మాట అనలేదన్నాను.

ఇట్లు,
నీ వదిన

జూన్ 25

వదినకి,

మీ కాగితం మీద సంతకం పెట్టలేదు. చించేశాను.

మూడో బొమ్మ దొంగదే. రెండోదాన్ని తిప్పి, కాస్త వెలుగు పెంచి పెట్టాను. మీ కన్ను తప్పు చూడలేదు.

ఆ రోజు మూడోసారి పెంచిన కణాలను చూస్తే, పచ్చటి వెలుగు చాలావాటిలో కణమంతా పరుచుకుని ఉంది. ఆరోగ్యంగా ఉన్నాయవి. మీరేమో సోమవారానికి మూడూ కావాలని తలుపు దగ్గర నిలబడ్డారు. ఎక్కడో పొరపాటు జరిగిందనుకుని ఆ కణాలను పారబోశాను. అవి మీరు తర్వాత చూసిన పెద్ద చుక్కలేనని ఈ ఫిబ్రవరిలో, ఆ ప్లేటు ముందు కూర్చున్నప్పుడు అర్థమైంది. చూసింది చూసినట్టు పెట్టి ఉంటే రెండో జన్యువు సంగతి రెండేళ్ల కిందటే నా చేతికి దొరికేది. ఇంత రచ్చ ఉండేది కాదు.

మీరు మీ అనుమానం వెనక్కి తీసుకోకుండా ఉండి ఉంటే ఇంకో పదేళ్లు మీతో పోట్లాడేదాన్ని, ఇది మాత్రం చెప్పేదాన్ని కాదు. నా మీద తప్పుడు మాట అన్నానని మీరు రాసిన ఆ వాక్యాన్ని నాలుగు రోజులు మళ్లీ మళ్లీ తీసి చదివాను.

పత్రికకు నేనే రాశాను. పేపరు వెనక్కి తీసుకోవడం సబబే, కారణం మాత్రం మార్చండి, మొదటి రచయిత్రి ఒక బొమ్మ కల్పించింది అని. అదే ఉత్తరం మా మేనేజరుకు కూడా ఇచ్చాను. ఆయన చదివి, “ఇక్కడి రిపోర్టులన్నీ మళ్లీ చూడాలి, అప్పటిదాకా ఇంటి దగ్గర ఉండు” అన్నాడు. ఆయన స్థానంలో నేనున్నా అదే అంటాను.

మేస్త్రి సంగతి కొత్తగా రాయండి, చిన్నవీ పెద్దవీ రెండూ పెట్టి. నా పేరు వద్దు. మీటింగులో నేనన్న మాటకు మాత్రం క్షమాపణ చెప్పను. ఆ రోజుకది నిజమే.

అన్నయ్యకు మీరే చెప్పండి. నాకు ముఖం చెల్లదు. ఆపాలని చూడకండి, పత్రిక ఉత్తరం ఈ పొద్దునే పోస్టు డబ్బాలో వేశాను.

ఇట్లు,
మీ ఆడపడుచు