మూడో డ్రాయర్

నవంబర్ 3, పొద్దున

నా దువ్వెన మాయం. నెత్తి మీద గట్టిగా నలభై వెంట్రుకలు. వాటికి ఉన్నది ఒక్క దువ్వెన. అదీ ఉంచరు ఈ ఇంట్లో. బుచ్చమ్మను అడిగితే, ఏమయ్యో, ఆ నాలుగు పోసలకు దువ్వెనెందుకు, చేత్తోని సదురుకోరాదా అన్నది. యాభై ఏండ్ల కాపురానికి దక్కిన మర్యాద ఇది. కోడలు వందన మాత్రం తల ఎత్తకుండా ఉల్లిగడ్డలు కోస్తున్నది.

సాయంత్రం

మనవరాలు శ్రీజ, ఐదు రోజుల బిడ్డతో దవాఖాన నుంచి సూర్యాపేట ఇంటికి వచ్చింది. వస్తూనే, తాతా, మా నాయినకు తొట్టెల నువ్వే చేసినవట గదా, నా కొడుక్కు గూడ నువ్వే చెయ్యాలె అన్నది. ఓ అన్నాను. అన్నాక నా కుడి చెయ్యి గుర్తొచ్చింది. పోయినేడు నుంచి వణుకుతున్నది. టీ తాగితే సగం నాకు, సగం లుంగీకి.

నవంబర్ 5

టేకు పట్టెకు డ్రిల్లుతో ఆరు బెజ్జాలు వేశాను. ఆరూ ఆరు దిక్కులు చూస్తున్నాయి. కమ్మీలు గుచ్చితే ఒకటి సూర్యాపేటకు, ఒకటి హైదరాబాదుకు పోతున్నది. ముప్పై ఏండ్లు మిర్యాలగూడ రైస్‌మిల్లులో ఫిట్టర్‌ను నేను. ఎవరికి చెప్పుకోను.

కొడుకు ప్రభాకర్ చూశాడు. పోయిన నెల నేను బాత్రూం గోడకు వేసిన బెజ్జం గుర్తు చేశాడు. ఆ రోజు పైపు పగిలింది, నిజమే. రోజుకోసారి చెప్పాలా? నాయినా, నీకు పరేషాన్, మాకు పరేషాన్, ఇగ ఆ డ్రిల్లు బీరువా మీద పెడ్తా అన్నాడు.

కోదాడ నుంచి వియ్యంకుడు, వందన వాళ్ల నాయిన శ్యాంసుందర్ ఫోన్. మీకెందుకండీ బావగారూ శ్రమ, ఇరవై ఒకటో రోజుకి మేమే స్టీల్ ఉయ్యాల తెచ్చేస్తాం, దానికి చక్రాలు కూడా ఉంటాయి అన్నాడు. చక్రాలుంటే పిల్లగాడు మిమ్మల్ని సూడ కోదాడ దాక వస్తడా బావా అన్నాను. నవ్వలేదు.

చివరికి ప్రభాకర్ తీర్పు: పదిహేడో తారీఖు లోపల కాకపోతే స్టీలుదే.

నవంబర్ 7

మిర్యాలగూడ పోయాను. దస్రు దగ్గరికి. మిల్లులో నా జోడీ, ఇప్పుడు ఇంటి ముందర వెల్డింగ్ షాపు. చెయ్యి వణుకుతుంటే డ్రిల్లు చేతికెందుకిస్తున్నవ్ రా, స్టాండుకియ్యి అన్నాడు. పాత బోరు పైపు ముక్కను ఇనుప పలక మీద నిలబెట్టి వెల్డింగ్ చేశాడు. దానికి జారే రింగు, రింగుకు డ్రిల్లు. దించడానికి పాత మోపెడ్ కిక్ రాడ్, పైకి లాగడానికి స్ప్రింగు. వాడి భార్య భూలి రొట్టెలు పెడుతూ, ఇద్దరు ముసలోళ్లు కలిసి రాకెట్ జేస్తున్నరా, ఎవరెక్కుతరు అని అడిగింది. బుచ్చమ్మను ఎక్కిస్తానన్నాను.

నవంబర్ 9

పైపు గుండ్రం. డ్రిల్లు దిగుతూ దిగుతూ పైపు చుట్టూ తిరుగుతున్నది, పెండ్లిచూపుల్లో పిల్లగాడు దిక్కులు చూసినట్టు. దస్రుకు ఫోన్ చేస్తే, జర బిగించు అన్నాడు. బిగిస్తే కదలదు. జర వదులు జెయ్యి అన్నాడు. వదిలితే మళ్లీ తిరుగుడు. వాడు ఫోన్ పెట్టేశాడు.

నవంబర్ 10

బిగిస్తే దిగదు, వదిలితే తిరుగుతది. అచ్చం బుచ్చమ్మ.

నవంబర్ 12

టీ కోసం వంటింట్లో కూర్చున్నాను. వందన ఒక్క వేలితో చెంచాల డ్రాయర్ లాగింది. నేరుగా వచ్చింది. నేరుగా పోయింది. వెంట్రుకవాసి ఊగలేదు. లోపల రెండు పక్కలా అది జారే ఇనుప చానళ్లు. వాటిని నిలువుగా బిగిస్తే? కిందికీ మీదికీ తప్ప ఇంకెటూ పోదు కదా! టీ చల్లారిపోయింది.

ప్రభాకర్‌ను ఒక జత చానళ్లు తెమ్మంటే, ఇంకేం తెచ్చేది లేదు నాయినా, ఖతం అన్నాడు.

నవంబర్ 13

చానళ్లు దొరికాయి. దస్రు పంపాడని చెప్పాను.

నవంబర్ 14

పైపు తీసేసి చెక్క దిమ్మె నిలబెట్టాను. దిమ్మెకు చానళ్లు, చానళ్లకు పలక, పలకకు డ్రిల్లు. కిక్ రాడ్ పట్టుకుని కిందికి నొక్కాను. నా చెయ్యి వణికింది. బెజ్జం వణకలేదు.

మూలమట్టం పెట్టి చూశాను. నిలువు. మళ్లీ చూశాను. ఎవరినీ పిలవలేదు. రెండో బెజ్జం మొదలుపెట్టాను.

సాయంత్రం వంటింట్లో లొల్లి. కవర్లు కుక్కే మూడో డ్రాయర్ రావడం లేదని వందన. ప్రభాకర్ గట్టుకు కాలు తన్నిపెట్టి లాగాడు. డ్రాయర్ రాలేదు, పిడి ఊడొచ్చింది. చలికి చెక్క బిగుసుకుంటది బిడ్డా, ఫంక్షన్ అయినాక సూద్దాం అని పెద్దమనిషిలా చెప్పాను.

నవంబర్ 17

తొట్టెల అయిపోయింది. ప్రభాకర్ రెండు చేతులతో పట్టి ఊపాడు. ఒక్క కమ్మీ కదలలేదు. డ్రిల్లు తనే తుడిచి డబ్బాలో పెట్టాడు. బీరువా మీద కాదు, నా మంచం కింద పెట్టాడు. పోతూ పోతూ, నాయినా, దేవుని అర్రల షెల్ఫు గూడ జర జేస్తవా అన్నాడు. టైం లేదని చెప్పాను. రేపు మొదలుపెడతా.

నవంబర్ 19

ఇరవై ఒకటో రోజు. పిల్లగాడు నా తొట్టెల్లో పడుకుని శ్యాంసుందర్ మీద ఉచ్చ పోశాడు. నేను నేర్పలేదు. ఆయన తెచ్చిన స్టీల్ ఉయ్యాలలో అరటిపండ్లు పెట్టారు. చక్రాలు భలే పనికొచ్చాయి, వరుసంతా తిప్పి పంచారు. ఈ బెజ్జాలు ఏ మిషన్ మీద కొట్టించారండీ బావగారూ అని ఆయన అడిగాడు. ఇంట్లదే బావా అన్నాను.

ఫొటో దిగేటప్పుడు నా నలభై వెంట్రుకలూ లేచి నిలబడ్డాయి. అప్పుడు వందన చెవి దగ్గరికి వచ్చి చెప్పింది. తప్పు నాదే మామా, దువ్వెన వంట గట్టు మీద పెట్టొద్దని వందసార్లు చెప్పినా ఇనలే, బుద్ధి రావాలని కవర్ల కింద దాచిన, ఇద్దామనుకునే లోపల్నే ఆ మూడో డ్రాయర్ బిగుసుకపాయె అన్నది. పాపం, కండ్లలో నీళ్లు తిరిగాయి. పోనీలే బిడ్డా అని పెద్దమనసు చేసుకున్నాను.

నవంబర్ 20

చానళ్లు దస్రు పంపలేదు. మూడో డ్రాయర్‌వి. ఊడిరాకుండా కింది నుంచి రెండు స్క్రూలు నేనే బిగించాను.

రేపు ఆ డ్రాయర్ తెరవడానికి వడ్లాయన వస్తున్నాడు. ఈ రోజుకు చేత్తోనే సదురుకున్నాను.