పూతలపట్టు షెడ్డులో పెళ్ళిచూపులు

శ్రీవారికి,

రూప నమస్కారాలు. కారు తప్ప ఇక్కడ మేమంతా క్షేమం. ఆ లడఖ్ చలిలో మీరూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

పాప జ్వరం సంగతి అడిగారు. తగ్గిపోయింది. తగ్గగానే మీ పాత బూటులో పెరుగన్నం కలిపి కుక్కపిల్లకు పెట్టింది. ఇక, "కారు ఎడమ లైటు వేయించావా, అయిదు నిమిషాల పనే కదా" అన్నారు. ఆ అయిదు నిమిషాల గురించి ఫోన్లో చెబితే మధ్యలో అరుస్తారని ఉత్తరం రాస్తున్నాను.

మొన్న ఆదివారం మధ్యాహ్నం మీ తమ్ముడు బాలచంద్రకు పెళ్ళిచూపులని అత్తయ్య, నేను, అతను చిత్తూరు నుంచి బయలుదేరాం. తిరిగొచ్చేసరికి చీకటి పడుతుంది కాబట్టి, పూతలపట్టు కూడలిలో రాజారత్నం మెకానిక్ షెడ్డు ముందు కారు ఆపాం. ఆయన బానెట్ ఎత్తి, లైటు వెనక చెయ్యి పెట్టబోయాడు. వేళ్ళు దాటి లోపలికి పోలేదు.

"బల్బు మార్చాలంటే బంపరు ఇప్పాలమ్మా. బంపరు ఇప్పాలంటే ముందు చక్రం ఇప్పాల. దీన్ని చేసినోడు జన్మలో బల్బు మార్చింటాడా?" అన్నాడు.

అత్తయ్యకు ఒళ్ళు మండింది. "ఇంట్లో బల్బు పోతే గోడ పడగొడతామా? జరుగప్పా, నా చెయ్యి సన్నం" అని మోచేతిదాకా దూర్చేశారు. బల్బు అందింది. చెయ్యి మాత్రం వెనక్కి రాలేదు. పెళ్ళిచూపులకని వేసుకున్న బంగారు గాజులు లోపల ఎక్కడో తగులుకున్నాయి.

"ఇంగ బంపరు ఇప్పాల్సిందే" అని రాజారత్నం జాకీ తెచ్చాడు.

ఇంతలో పెళ్ళికూతురి నాన్న మునీంద్ర గారి ఫోను. "యాడుండారు? రాహుకాలం వచ్చేస్తాది." సంగతి చెబితే ఆయన భార్యనూ కూతురినీ ఆటోలో ఎక్కించుకుని షెడ్డుకే వచ్చేశారు. పెళ్ళికూతురు తేజస్విని పట్టుచీరలో, ఫ్లాస్కుతో దిగింది. అత్తయ్యను స్టూలు మీద కూర్చోబెట్టి, కాఫీ తానే పట్టి తాగించింది. తర్వాత బాలచంద్రను సూటిగా అడిగింది:

"ఈ కారు మీరే ఎంచుకున్నారా?"

"నేను కాదు! మా అన్న."

"అట్లయితే సరే" అని నవ్వింది.

కోప్పడకండి, మీ తమ్ముడు అన్నమాటే రాశాను.

బంపరు ఊడింది, చెయ్యి బయటపడింది. గీరుకుపోయిందంతే. కొత్త బల్బు కూడా వేయించాం. క్లిప్పులు విరగడంతో బంపరును తాడుతో కట్టుకొచ్చాం.

అసలు సంగతి ఇప్పుడు చెబుతున్నాను. మీరు సెలవుకు వచ్చేదాకా మాట ఇవ్వొద్దన్నారు. నేను అత్తయ్యకు గుర్తుచేశాను కూడా. "కార్లో చెయ్యి ఇరుక్కున్న అత్తను సూసి గూడా సరేనన్న పిల్ల మళ్ళా దొరుకుతాదా?" అన్నారు. రాహుకాలం రాకముందే, ఆ బానెట్ మీదే తాంబూలాలు మార్చుకున్నాం. మీ మాట దాటినందుకు నాకు బెంగగానే ఉంది. కానీ అమ్మాయిని చూస్తే మీరూ కాదనరు.

నిన్న కుడి లైటు కూడా పోయింది. మన ఇంట్లో ఇక పెళ్ళి కావలసిన వాళ్ళు ఎవరూ లేరు. అందుకని ముట్టుకోలేదు.

ఇట్లు,
మీ రాక కోసం చూసే భార్య,
రూపశ్రీ