ఏడు పేజీల్లో కోసి ఎక్కడ?

కొంటా,
సెప్టెంబర్ 9, మంగళవారం

ప్రసూనా,

ఫోన్ చేస్తే నేను అరుస్తాను, నువ్వు పెట్టేస్తావు. పైగా భేజ్జిలో నీ బడి వెనక గుట్ట ఎక్కితే తప్ప సిగ్నల్ దొరకదు. అందుకే ఈ ఉత్తరాన్ని సరుకుల జీపు నడిపే శ్రీరంగం చేతికిచ్చి పంపుతున్నాను.

నిన్న అదే జీపులో నీ పెన్‌డ్రైవ్ అందింది. మీ వంటమనిషి కోసి చేను పట్టా అప్పీలు తెరిచాను. నేను పంపిన ఏడు పేజీలూ పంపినట్టే తిరిగొచ్చాయి. ఒక్క గీత లేదు. ఇరవై రెండేళ్లుగా నేను రాసిన ప్రతి కరపత్రం మీదా నీ ఎర్ర పెన్ను తిరిగింది. పెళ్లైన మొదటి వారమే నా వ్యాసంలో పదకొండు చోట్ల 'ఇది నిజమా?' అని రాసినదానివి! అప్పుడు మండిపోయాను. ఇప్పుడు ఆ పెన్ను కదలకపోతే ఏం చేయాలో తోచడం లేదు. కోపమని మొదలుపెట్టాను గానీ, ఇది కోపమో కాదో నాకే తెలియడం లేదు.

నా రాత మీద నీకు ఆసక్తి పోయిందా, నా మీదనే పోయిందా? కోసి నీ బడిలోనే వంట చేస్తుంది. రోజూ నీ కళ్ల ముందే తిరుగుతుంది. మొగుడు పోయాక ఒంటి చేత్తో దున్నుకుంటున్న రెండున్నర ఎకరాలకు అటవీ హక్కు అడిగితే, కింది కమిటీ 'ఆధారాలు లేవు' అని ఒక్క ముక్కలో కొట్టేసింది. శుక్రవారంలోగా సుక్మాలో జిల్లా కమిటీ ముందు అప్పీలు పడకపోతే ఆ చేను మీద ఆశ వదులుకోవాల్సిందే. అలాంటి కాగితం మీద నీకు చెప్పడానికి ఒక్క మాటా లేదా?

చూడడంలో నా పొరపాటేమీ లేదు. లాప్‌టాప్‌లో లినక్స్ వేయించాక పీడీఎఫ్ చదవడానికి ఏ ప్రోగ్రాం పెట్టుకోవాలో వారం రోజులు ఆలోచించి మరీ ఎంచుకున్నాను. బటన్లు లేవు, మెనూ లేదు, నల్లటి తెర, మధ్యలో పేజీ. చదివేవాడికీ పేజీకీ మధ్య ఇంకెవడూ నిలబడకూడదు, అది నా సిద్ధాంతం. అక్కడ ఉన్నదేదైనా నాకు కనబడి తీరాలి.

శుక్రవారం నేనే వెళ్లి దీన్ని ఇలాగే దాఖలు చేస్తాను. ఇకమీదట నా రాతలతో నిన్ను విసిగించను. ఇది నిర్ణయం.

భాను


కొంటా,
సెప్టెంబర్ 10, బుధవారం

ప్రసూనా,

శ్రీరంగం వచ్చి టీ కొట్టు ముందు నలుగురూ వింటుండగా అరిచి చెప్పాడు. "అన్నా, టీచరమ్మ నీ ఉత్తరం చదివి నవ్వింది. 'అరవై మూడు చోట్ల రాసిన, కండ్లు పెట్టి చూడమను' అన్నది." పక్కన అరటిపళ్ల బండివాడు కూడా నవ్వాడు. వాడికేం అర్థమైందో!

అరవై మూడా? ఎక్కడ? లాప్‌టాప్ పట్టుకుని నాగార్జున కంప్యూటర్ షాపుకు పరిగెత్తాను. నాకు లినక్స్ వేసింది వాడే.

"ఏంది సార్, మీకు దేనికి కావాలి? చదవనీకా, రాయనీకా, ఫారం నింపనీకా?"

"చదవడానికే! చదవడమంటే చదవడమే కదా!"

"అట్లనుకోకండి సార్. ఒకటి ఉత్త పేజీ చూపెడ్తది. ఇంకోటి పేజీ మీద రాసింది గూడ చూపెడ్తది. మీరే కదా ఆ రోజు నాతో కొట్లాడి, ఏ హంగూ లేనిది కావాలన్నది? నేను ఒకులర్ అనే ప్రోగ్రాం వేస్తనంటే 'బొమ్మల కొట్టు' అని తిడ్తిరి."

తిట్టిన మాట నిజమే. వాడు ఇంకో మూడు ప్రోగ్రాములు వేశాడు. ప్రసూనా, ఒకే ఫైలు! ఒకదాంట్లో నేను రాసిన హిందీకి ఒత్తులు అక్షరాల నుంచి ఊడిపోయి పక్కన కూర్చున్నాయి. ఇంకోదాంట్లో పేజీలు అడ్డం తిరిగాయి. వేరొకదాంట్లో అంచుల్లో పసుపుపచ్చని చుక్కలు. దుమ్మనుకుని తెరను చొక్కాతో తుడిచాను. నాగార్జున నా వైపు జాలిగా చూశాడు. అంతలో కరెంటు పోయింది. నా బ్యాటరీ ఎప్పుడో చచ్చింది.

ఒక కాగితాన్ని పదిమంది చదివితే పది అభిప్రాయాలు వస్తాయని ఒప్పుకుంటాను, దాని మీద వాదనకూ వస్తాను. కాగితమే నాలుగు రకాలుగా ఉంటే ఎవడితో వాదించను? నువ్వు పంపిందేది, నేను చూసిందేది? ఎల్లుండి సుక్మాలో వాళ్లు తెరిస్తే అక్కడ కనబడేది ఏది? నాకేమీ పాలుపోవడం లేదు. నిన్నటి ఉత్తరం తప్పేమోనన్న అనుమానం మొదలైంది. తప్పని ఇంకా ఒప్పుకోవడం లేదు.

భాను


సుక్మా బస్టాండ్,
సెప్టెంబర్ 12, శుక్రవారం

ప్రసూనా,

ఒప్పుకుంటున్నాను.

నిన్న పొద్దున కరెంటు రాగానే, నేను బొమ్మల కొట్టు అని తిట్టిన ఆ ఒకులర్‌లోనే ఫైలు తెరిచాను. పసుపు చుక్క మీద నొక్కితే చిన్న కిటికీ తెరుచుకుంది. లోపల నువ్వు. మొదటి పేజీలో, నేను ప్రపంచ పెట్టుబడిని చీల్చి చెండాడిన చోట: 'బాగుంది. కమిటీకి దీంతో ఏం పని?' రెండో పేజీలో నా పాత 'ఇది నిజమా?' మూడుసార్లు. నాలుగో పేజీలో: 'కోసి మామ చనిపోయినప్పుడు ఆయన పేర నిలబెట్టిన రాయి ఆ చేను గట్టు మీదే ఉంది. ఆ రాయి నిలబెట్టిన రోజు తాను అక్కడే ఉన్నానని ఇర్మా తాత చెప్తున్నాడు. ముసలివాళ్ల వాంగ్మూలం ఆధారం కింద చెల్లుతుందని నువ్వే నాకు చెప్పావు. ఎందుకు రాయలేదు?' ఆరో పేజీలో ఒక్కటే: 'ఏడు పేజీల్లో కోసి ఎక్కడ?'

ఆ కిటికీని మూశాను, మళ్లీ తెరిచాను. ఎందుకు రాయలేదో నాకు నిజంగా తెలియదు. ఆవిడ చెప్పింది విన్నాను, రాసుకున్నాను, తీరా రాయబోయేసరికి నా గొంతే వినబడింది. చదివేవాడికీ పేజీకీ మధ్య ఎవరూ ఉండకూడదని నీతులు చెప్పాను చూడు, ఆ నీతితో ముందు నిన్నే గెంటేశాను. ఆ తర్వాత నువ్వు మాట్లాడడం లేదని అలిగాను.

మధ్యాహ్నం నువ్వు పంపితే కోసి జీపు దిగింది, ఇర్మా తాత వేలిముద్ర వేసిన కాగితంతో. కూర్చోబెట్టి మళ్లీ అడిగాను. ఈసారి ఆవిడ చెప్పిన వరుసలోనే రాశాను. ఒకటిన్నర పేజీ. హిందీలో చదివి తెలుగులో చెప్తే, "గంతేనా? మొన్న శానా చదివితివి గద" అంది. ఇంతేనన్నాను. "రాయి సంగతి ఉన్నదా?" ఉందన్నాను. "ఐతే సాలు."

ఈ పూట కోసితో కలిసి ఆఫీసుకు వెళ్తే గుమాస్తా కాగితం తీసుకుని ముద్ర వేసి రసీదు చించి చేతికిచ్చాడు. అప్పీలు పడింది. ఇక వాళ్లు విచారణకు పిలవాలి. గుమాస్తా తలెత్తి, "ఆప్ కౌన్?" అని నేనెవరినో అడిగాడు. ముప్పై ఏళ్లుగా ఈ ప్రాంతంలో ప్రతి ఆఫీసు మెట్ల మీదా గొంతు చించుకున్నవాణ్ని, ఏ సంఘం పేరు చెప్పాలా అని వెతుక్కుంటున్నాను. నేను నోరు తెరిచేలోగా కోసి చెప్పేసింది.

"మా టీచరమ్మ మొగడు."

గుమాస్తా రాసుకున్నాడు. నేను సరిదిద్దలేదు.

రేపటి జీపులో వస్తున్నాను. అరవై మూడింటిలో నలభై ఒకటి ఒప్పుకున్నాను. మిగిలిన వాటి మీద ఎదురుగా కూర్చుని కొట్లాడాలి.

నీ
భాను