పాలపిట్ట స్టాంపు

బాపూ,

ఈ దసరాకూ మన కాటారం పొలిమేరలో పాలపిట్ట కనిపించలేదు. జమ్మిచెట్టుకు మొక్కి, పిట్టను చూస్తే ఏడాదంతా మంచిదని అడవి అంచుదాకా పోయాం. కరెంటు తీగల వంక చూసి చూసి చీకటి పడేవేళకు ఉత్త చేతులతో తిరిగొచ్చాం.

ఎప్పటిలాగే పక్కింటి రాజవ్వ వాడకట్టు ఆడవాళ్లను వెంటేసుకుని నేరుగా మనింటికే వచ్చింది. "బిడ్డా, మీ బాపు పిట్టల స్టాంపుల పుస్తకం తియ్యి. గా పుస్తకంలనన్న పాలపిట్టను జూసి పోతం" అంది.

నువ్వు పోయాక ఆ పుస్తకం తెరవడం నాకదే మొదలు. కొంగలు, గద్దలు, హంసలు అన్నీ నువ్వు పెట్టినచోటే ఉన్నాయి. మస్కట్ నుంచి వచ్చిన కవరును నీళ్లలో నానబెట్టి, ఊపిరి బిగబట్టి నువ్వు ఊడదీసిన పాలపిట్ట కూడా.

ఏటా రాజవ్వ దాన్ని ముట్టుకుని మొక్కబోవడం, "అవ్వా, చెయ్యి పెట్టకు, ఖరాబైతది!" అని నువ్వు గట్టిగా అరవడం, ఆమె నవ్వుతూ వేలు వెనక్కి తీసుకోవడం. మన ఇంట్లో దసరా అంటే అదే కదా.

ఈసారీ జమ్మికి బొట్టు పెట్టొచ్చిన వేలు చాపింది. చాపి ఆగిపోయింది. నీ కుర్చీ వైపు చూసింది.

"గిట్ల ఎవ్వలేమనకపోతే ఎట్లనే? మీ బాపు లెక్క నువ్వన్న ఒర్రు బిడ్డా" అంది.

నోరు తెరిచి, నీలా అరవబోయాను. చివరికి పుస్తకమే ఆమె దగ్గరికి జరిపాను.

రాజవ్వ పిట్టను ముట్టి కళ్లకద్దుకుంది. నీలి రెక్క మీద కుంకుమ అంటింది బాపూ.