ముప్పై ఆరో ఫోటో

స్టూడియో బావగారికి,

నమస్కారాలు. ఇక్కడ మేమిద్దరం కులాసా. మీ స్టూడియోలో పదేళ్లు చాకిరీ చేసి అలసిన కెమెరాను నాకిచ్చి పుణ్యం కట్టుకున్నారు. తూనికలు కొలతల శాఖలో ఇరవై ఆరేళ్లుగా ఊరందరి తక్కెళ్లలో తప్పులు పట్టినవాణ్ణి, ఒక ఫోటో సరిగా తీయలేనా? మొదటి ఫిల్ము రోలు పంపుతున్నాను. కడిగి, తప్పులున్నచోట ఎర్ర పెన్సిలుతో గీసి పంపండి. మొహమాటపడకండి.

మా కెమెరా క్లబ్బు పోటీకి మూడు నెలలుంది. అంశం ‘ఇల్లు’. ఈసారి బహుమతి నాదేనని ఆఫీసులో అందరికీ చెప్పేశాను. రాకపోతే పరువు పోతుంది. మోడల్‌గా మీ చెల్లెల్నే పెట్టుకున్నాను. జీతం అడగదు, పారిపోదు.

మీ విధేయుడు,
బావ

తా.క. కాస్త పెద్దక్షరాలు రాయండి. నాకు చత్వారం. మీ ఉత్తరాలు మీ చెల్లెలే చదివి వినిపించాలి.

*

తూకాల బావగారికి,

ఉభయకుశలోపరి. ముప్పై ఐదు ఫోటోలు చూసి కళ్లల్లో మందు చుక్కలు వేసుకున్నాను. మా చెల్లాయి ముక్కు ఇక్కడుంటే చెవులు పక్క వీధిలో ఉన్నాయి. కెమెరా మీద అడుగుల అంకెలున్నాయి చూశారా? దూరం కొలిచి ఆ అంకె దగ్గర పెట్టండి. మనిషిని కిటికీ పక్కన నిలబెట్టి వెలుగు కోసం ఆగండి. తొందరపడితే ఏ పనీ కుదరదు.

కానీ ఆ ముప్పై ఆరోది! కెమెరా పుస్తకం మొహాన కప్పుకుని పడక్కుర్చీలో మీరు నిద్రపోతున్న ఫోటో. అది ఫోటో అంటే. ఇంతకీ నిద్రలో ఉన్న మనిషి తన ఫోటో తనే ఎలా తీసుకున్నాడు?

ఇట్లు,
మీ స్టూడియో బావ

తా.క. చెల్లాయి ఆరోగ్యం ఎలా ఉంది? ఫోటోల్లో తెలియడం లేదు.

*

స్టూడియో బావగారికి,

నమస్కారాలు. ఆ ఫోటో మొదట నాకే గుర్తురాలేదు. రోలు పూర్తయినట్టు చూపించింది కాబట్టి నేనే తీసి ఉండాలి. టైమరు పెట్టి నిద్ర నటించినట్టున్నాను. అవును, టైమరే.

మీరు చెప్పినవన్నీ చేశాను. ఆఫీసు టేపు తెచ్చి కొలిచాను. లెన్సు నుంచి ఆవిడ ముక్కుదాకా ఆరడుగుల రెండంగుళాలు. కిటికీ దగ్గర మూడు గంటలు నిలబెట్టాను. ‘కాళ్లు లాగుతున్నాయండీ’ అంది. ‘ఫోటోలో కాళ్లు పడవులే’ అన్నాను. తర్వాత వంటింట్లో, మరిగే గిన్నె మీద మూత ఎత్తి పట్టుకోమన్నాను. ఆవిరి వెనక మొహం, అదీ నా ఆలోచన. రెండో రోలు పంపుతున్నాను.

మీ విధేయుడు,
బావ

తా.క. ఎనిమిదిసార్లు బాగానే పట్టుకుంది. తొమ్మిదోసారి కెవ్వుమని వదిలేసింది. మూత సొట్టపోయింది.

*

తూకాల బావగారికి,

మెరుగుపడ్డారు. ముక్కూ చెవులూ ఒక ఇంట్లోకి వచ్చాయి. ఇక ఎర్ర పెన్సిలు సంగతులు. వంటింటి ఫోటోల తర్వాత అన్నిట్లోనూ మణికట్టుకి తెల్లగుడ్డ ఉంది. చూపు దాని మీదకే పోతోంది. సున్నా చుట్టాను, తీసేయించండి. వెనక అల్మరా కిక్కిరిసి ఉంది. ఖాళీ చేయిస్తే మంచిది.

ఈసారి కూడా ముప్పై ఆరోదే అద్భుతం. మీరు మోకాళ్ల మీద కూర్చుని టేపు పట్టుకుని ఖాళీ కుర్చీదాకా దూరం కొలుస్తున్నారు! కుర్చీలో మనిషి లేదు, కొలత మాత్రం ఆగలేదు. ఏం హాస్యమండీ! పోటీకి ఇదే పంపండి.

ఇట్లు,
స్టూడియో బావ

తా.క. టైమరు మీద మీకున్న పట్టు నాకు లేదు. ఒప్పుకుంటున్నాను.

*

స్టూడియో బావగారికి,

మొదటి బహుమతి! వేదిక మీద రెండు ముక్కలు మాట్లాడమన్నారు. ‘ఎదురుగా ఎవరున్నారన్నది ముఖ్యం కాదు, దూరం ముఖ్యం’ అన్నాను. చప్పట్లు కొట్టారు. పై అధికారి కూడా కొట్టాడు.

మీ కిందటి ఉత్తరం చదువుతూ మీ చెల్లెలు ‘తెల్లగుడ్డ’ దగ్గర ఆగింది. ‘ఆగావేం, చదువు’ అన్నాను. మిగతాది గబగబా చదివేసింది. గుడ్డ మర్నాడే తీసేసింది. అల్మరా అయితే నేను చెప్పక ముందే ఖాళీ అయింది. చీరల అరలో ఒక్కటీ లేదు. ఇప్పుడు గోడ ఎంత శుభ్రంగా కనిపిస్తోందో!

మీ విధేయుడు,
బావ

తా.క. మంగళవారం నుంచి ఆవిడ ఇంట్లో లేదు. కూరలకు వెళ్లిందనుకున్నాను. ఇవాళ శుక్రవారం. మీ దగ్గరికి గానీ వచ్చిందా? వస్తే కొత్త రోలు ఎక్కడ పెట్టిందో అడగండి.

*

బావగారికి,

చెల్లాయి మంగళవారం సాయంత్రం ఒక ట్రంకుపెట్టెతో వచ్చింది. మణికట్టు మీద కాలిన మచ్చ రెండంగుళాల పొడవుంది. మీకు కొలతలంటే ఇష్టం కాబట్టి కొలిచి రాస్తున్నాను.

ఆ కెమెరాకు టైమరు లేదు. నా నాలుగు కెమెరాల్లో మూడింటికి ఉంది, మీకిచ్చినదానికి లేదు. మీ డబ్బా విని నేనూ మర్చిపోయాను. రెండు రోళ్లలోనూ ముప్పై ఆరోది తనే తీసింది. నా ఉత్తరాలు మీకు చదివి వినిపిస్తూ నేర్చుకుందట. ఆ ఖాళీ కుర్చీలోంచి లేచి, మీ వెనక్కి వచ్చి, బల్లమీది కెమెరా తీసుకుని నొక్కింది. మీరు కొలుస్తూనే ఉన్నారు.

నా దగ్గరున్న రెండో ప్రతులన్నీ బల్లమీద వరసగా పరిచింది. తెల్లగుడ్డ మీద వేలు పెట్టి ‘ఇక్కడ ఎర్ర సున్నా చుట్టింది నువ్వే కదా అన్నయ్యా?’ అంది. మిమ్మల్ని తిట్టడానికి ఈ కాగితం తీసుకున్నాను. ఆ మాటతో తిట్లు మింగేశాను.

రేపటి నుంచి స్టూడియోలో ఫోటోలు తను తీస్తుంది. నేను కడుగుతాను.

ఇట్లు,
చెల్లాయి అన్న

తా.క. ఇక్కడి నుంచి చేతిరాత అన్నయ్యది కాదు, నాది. మీరే కూడబలుక్కుని చదువుకోవాలి. కళ్లజోడు రేడియో మీద ఉంది. కొత్త రోలు కెమెరాలోనే ఉంది, ముప్పై ఐదు మిగిలాయి. మొదటిది నేను గుమ్మంలో నిలబడి తీశాను. మీరు అటు తిరిగి బహుమతి పటానికి మేకు కొడుతున్నారు. ‘వెళ్తున్నానండీ’ అన్నాను. ‘కాస్త పక్కకి జరుగు, వెలుగుకి అడ్డం’ అన్నారు. జరిగాను.