టాప్ రేటుకు చప్పట్లు

కుప్పం

నాయనా,

నాకు జబ్బేమీ లేదు, కోపం తప్ప. ఫోనైతే అరుస్తానని కార్డు రాస్తున్నాను. నిన్న మా ఎకనామిక్స్ మేడం ప్రమీలమ్మగారికి కాలేజీలో సన్మానం. మదనపల్లె మార్కెట్లో ఎవరో ఒక్కరికి పలికిన టాప్ రేటు కాకుండా, ఎక్కువమంది రైతులకు నిజంగా దక్కిన ధరేదో తేల్చే సాఫ్ట్‌వేర్ రాసి ఊరికే పంచిన మనిషి ఆమె. ముఖ్య అతిథి ఆమెకు శాలువా కప్పి, వెంటనే మైకులో "టమోటా టాప్ రేటు సూడండప్పా, అందరూ అదే నాటండి!" అన్నాడు. హాలంతా చప్పట్లు. మేడం చేతికి మైకే ఇవ్వలేదు. నా ఒళ్లు మండిపోయింది.

అమ్మ మోకాలు ఎట్లుంది? ఆవు ఈనిందా? పేపర్లో టాప్ రేటు చూసి నువ్వూ నర్సరీలో టమోటా నారుకు చెప్పావట, చెల్లి చెప్పింది. పుంగనూరులో కూర్చొని నువ్వూ చప్పట్లు కొట్టినట్టే కదా నాయనా!

అమ్మకు దండాలు. నీకు మాత్రం, ఆ నారు వద్దని చెప్పొచ్చినాకే.

హేమావతి